ఏ బిడ్డకు ఏ వేషం?



ఏప్రిల్ రెండో వారానికల్లా పావగడ తాలూకాలో పరీక్షలు అయిపోయి, బడులకు తాళం పడుతుంది. మళ్ళీ తెరిచేది మే నెలాఖరుకే. పక్కన మడకశిరలోనో కల్యాణదుర్గంలోనో ఉన్న మేనత్త పిల్లలకు మాత్రం ఏప్రిల్ చివరిదాకా బడి ఉంటుంది, వాళ్ళ సెలవులు జూన్ రెండో వారం వరకూ సాగుతాయి. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక, చుట్టూ దాదాపు అన్ని వైపులా ఆంధ్రప్రదేశ్. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఇదీ మన తాలూకా పిల్లల సంగతి. ఎండ చూస్తే పొద్దున పదింటికే నెత్తి మాడుతుంది. ఈ నెలన్నర పిల్లలతో ఏం చేయించాలని అడిగితే, ఈమధ్య చాలామంది తల్లిదండ్రులు వేసవి శిబిరం పేరు ఎత్తుతున్నారు. అందులోనూ నాటక శిబిరం అంటే పిల్లలకు సరదా, పెద్దలకు నమ్మకం.

ఈ రోజు ఆ నాటక శిబిరాల గురించే మాట్లాడతాను. పదిమందిలో గలగలా మాట్లాడే పిల్లలకు ఏ శిబిరమైనా ఒకటే, వాళ్ళు ఎక్కడ వేసినా మొలకెత్తుతారు. నేను చెప్పబోయేది మిగతావాళ్ళ గురించి. పిలిస్తే తల్లి కొంగు వెనక దాక్కునే పిల్ల, చెవులు వినపడని పిల్లవాడు, కర్రల సాయంతో నడిచే అమ్మాయి, మాట తడబడేవాడు, పన్నెండేళ్ళు వచ్చినా ఐదేళ్ళ బుద్ధితో ఉండేవాడు. ఇలాంటి పిల్లలనూ చేర్చుకుంటామని చెప్పే శిబిరాలు ఉన్నాయి. ఆ మాట నిజమో, పోస్టరు మీద రాతో మనం ఎలా తెలుసుకోవాలి?

నాటకం మనకు కొత్త కాదు. తుమకూరు జిల్లా అనగానే గుబ్బి గుర్తుకొస్తుంది. 1884లో పుట్టిన గుబ్బి చెన్నబసవేశ్వర నాటక కంపెనీ, దాన్ని అంత ఎత్తుకు తీసుకుపోయిన గుబ్బి వీరణ్ణ, రెంటిదీ ఈ జిల్లాయే. ఇటు హద్దు దాటితే ధర్మవరం. ఆంధ్ర నాటక పితామహుడనిపించుకున్న ధర్మవరం రామకృష్ణమాచార్యుల ఇంటిపేరులోనే ఆ ఊరుంది. ఆయన బళ్ళారిలో ఉండి నాటకాలు రాసి ఆడించారు. ఆయన మేనల్లుడే బళ్ళారి రాఘవ. ఆడవేషం మగవాళ్ళే కట్టే కాలంలో, ఆడవాళ్ళ పాత్రలు ఆడవాళ్ళే వేయాలని వాదించి, వాళ్ళను రంగస్థలం మీదికి తెచ్చినవాడు రాఘవ. రంగస్థలం ఎవరిది, ఎవరు ఎక్కవచ్చు, ఎవరు కూడదు అన్న తగువు ఈ ప్రాంతంలో కనీసం నూరేళ్ళనాటిది. ఈ రోజు మనం పిల్లల విషయంలో అడిగేదీ అదే తగువుకు కొనసాగింపు.

ఇంకా దగ్గరికి వస్తే, మన పల్లెల్లో ఇప్పటికీ కురుక్షేత్రం ఆడతారు. హార్మోనియం మేష్ట్రు నెలల తరబడి వచ్చి పద్యాలు నేర్పుతాడు. ఆడేవాళ్ళే ఖర్చు పంచుకుంటారు. కృష్ణుడి వేషానికీ దుర్యోధనుడి వేషానికీ ఎక్కువ పడుతుంది, చిన్న వేషానికి తక్కువ. పెద్దవాళ్ళ మధ్య ఇది న్యాయమైన ఏర్పాటే. సీనరీకి, మైకు సెట్టుకు, మేష్ట్రుకు డబ్బు ఎవరో ఒకరు ఇవ్వాలి కదా. చిక్కంతా ఇదే పద్ధతి పిల్లల శిబిరంలోకి దూరినప్పుడు వస్తుంది. డబ్బు రూపంలోనే రానక్కరలేదు. గొంతు బాగున్నవాడికి కృష్ణుడు, నాయకుడి కొడుక్కి అర్జునుడు, మేష్ట్రు చుట్టాల పిల్లకు ద్రౌపది. చివర మిగిలిన పిల్లవాడికి సింహాసనం పక్కన చామరం పట్టుకుని నిలబడే వేషం. వైకల్యం ఉన్న బిడ్డను చేర్చుకున్నామని చెప్పే చాలా శిబిరాల్లో ఆ బిడ్డకు దక్కేది ఆ చామరమే. ఫోటోలో ఉంటాడు. నాటకంలో ఉండడు.

అందుకని నా సలహా ఒక్కటే. శిబిరాన్ని చివరి రోజు ప్రదర్శన చూసి ఎంచుకోకండి. మధ్యలో ఒక మామూలు రోజు చూసి ఎంచుకోండి. చివరి రోజు రంగులు, లైట్లు, చప్పట్లు ఉంటాయి, ఎవరికి ఏం దక్కిందో ఆ వెలుగులో తెలియదు. నాలుగో రోజో ఐదో రోజో వెళ్ళి ఓ మూల కూర్చుని, అందరికంటే వెనకబడ్డ పిల్లవాడు ఆ గంటసేపు ఏం చేస్తున్నాడో చూడండి. వాడి చేతికి పని ఉందా? వాడు ఏదైనా తప్పు చేసినప్పుడు పక్క పిల్లలు నవ్వారా, నవ్వితే మేష్ట్రు ఏమన్నాడు? వాడు చెప్పిన చిన్న ఆలోచన ఏదైనా ఆటలోకి వచ్చిందా? ఆ గంటలో శిబిరం రంగు బయటపడుతుంది.

మన రాష్ట్రంలో పిల్లల నాటకానికి మంచి వారసత్వం ఉంది. బి.వి. కారంత్ పిల్లలతో కన్నడంలో ఆడించిన నాటకాల్లో పంజర శాలె ఒకటి. రవీంద్రనాథ టాగూరు రాసిన చిలుక కథ దానికి మూలం. రాజు చిలుకకు చదువు చెప్పించబోయి, బంగారు పంజరం కట్టించి, గొంతులో కాగితాలు కుక్కించి, చివరకు దాన్ని చంపుకుంటాడు. నాటక శిబిరం నడిపే ప్రతివాళ్ళూ గోడకు రాసి పెట్టుకోదగిన కథ అది. రెండు వారాల్లో పిల్లల చేత గంట నాటకం కంఠతా పట్టించాలనుకునేవాళ్ళు కుక్కేది కాగితాలే. మైసూరులో 1989లో మొదలైన రంగాయణ, వేసవిలో చిన్నర మేళ పేరుతో వందల మంది పిల్లలను చేర్చి ఆట, పాట, బొమ్మలు, ముఖోటాలు, నాటకం కలిపి నడుపుతూ వస్తోంది. హెగ్గోడులో కె.వి. సుబ్బణ్ణ పెంచిన నీనాసం మారుమూల పల్లెలో కూడా గట్టి నాటకం పుడుతుందని చూపించింది. అయితే పావగడ నుంచి మైసూరు రోజూ పోయివచ్చే దూరం కాదు. మనవాళ్ళకు ఉన్న దారులు రెండే. బెంగళూరులోనో తుమకూరులోనో అనంతపురంలోనో ఉన్న చుట్టాల ఇంట్లో పిల్లను దించి అక్కడి శిబిరంలో చేర్చడం ఒకటి. ఊళ్ళోనో హోబళి కేంద్రంలోనో ఒకటి జరిగేలా చూసుకోవడం రెండోది.

పట్నం శిబిరానికి పంపేటప్పుడు ముందు భాష గురించి అడగండి. వై.ఎన్. హొసకోటె నేతగాళ్ళ ఇంటి పిల్ల తెలుగులో కలలు కంటుంది, కన్నడంలో పరీక్ష రాస్తుంది. ఇంగ్లీషు తప్ప మాట్లాడని శిబిరంలో కూర్చుంటే, ఏ వైకల్యమూ లేకుండానే మూగది అయిపోతుంది. తండా నుంచి వచ్చే లంబాణీ పిల్లవాడికీ, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లకూ ఇదే కష్టం. మంచి మేష్ట్రు మొదటి రోజే ఏ భాషలోనైనా చెప్పమంటాడు. నాటకంలో అవ్వ తెలుగులో తిడుతుంది, అమల్దారు కన్నడంలో గద్దిస్తాడు, వ్యాపారి ఉర్దూలో బేరమాడతాడు. మన సంతలో రోజూ జరిగేది అదే కాబట్టి ఎవరికీ వింతగా ఉండదు.

తర్వాత అడగాల్సింది స్థలం గురించి. ఎత్తైన అరుగు, మెట్లు, ఇరుకు తలుపు ఉంటే చక్రాల కుర్చీ పిల్ల గడపలోనే ఆగిపోతుంది. మన వీధి నాటకానికి ఎత్తైన వేదిక అక్కరలేదు. నేల మీద ఆడితే జనం చుట్టూ కూర్చుని చూసేవాళ్ళు. పిల్లల నాటకాన్ని మళ్ళీ నేల మీదికి దించితే సగం అడ్డంకులు ఖర్చు లేకుండా పోతాయి. ఇంకో సంగతి కూడా చూడాలి. శిబిరం జరిగే చోటికి ఊళ్ళో అన్ని వీధుల పిల్లలూ బెరుకు లేకుండా వస్తారా? కొన్ని మండపాల గడప దగ్గర కొన్ని వీధుల పిల్లల కాళ్ళు ఆగిపోతాయని మనకు తెలుసు. అలాంటప్పుడు సర్కారు బడి మేలు. నీళ్ళ బిందె ఒక్కటే ఉందా, తినేటప్పుడు అందరూ ఒకే పంక్తిలో కూర్చుంటున్నారా అనేది అడగకుండానే కంటికి కనిపిస్తుంది. ఆడపిల్లలకు శుభ్రమైన మరుగుదొడ్డి, చీకటి పడకముందే ఇల్లు చేరే ఏర్పాటు లేకపోతే, పన్నెండేళ్ళు దాటిన అమ్మాయిలు రెండో రోజు నుంచే రావడం మానేస్తారు.

ఇక పిల్లల సంగతికి వద్దాం. చెవులు వినపడని పిల్లవాడు నాటకంలో ఏం చేస్తాడని అడిగేవాళ్ళు ఉన్నారు. నాటకంలో మాట ఒక భాగం మాత్రమే. ముఖం, చేతులు, నడక, చూపు, వీటిలో వాడు మిగతావాళ్ళకు పాఠం చెప్పగలడు. మేష్ట్రు వాడికి ఎదురుగా, వెలుతురు తన ముఖం మీద పడేలా నిలబడి మాట్లాడాలి. తప్పెట కొట్టినప్పుడు నేల అదిరితే వాడి పాదానికి తాళం తెలుస్తుంది. సైగల భాష తెలిసినవాళ్ళు ఒకరు దొరికితే అందరు పిల్లలూ ఓ ఇరవై సైగలు నేర్చుకోవచ్చు, అదే నాటకంలో ఒక రంగం కావచ్చు. చూపులేని అమ్మాయికి గచ్చు మీద గోనె తాడు అంటించి హద్దు గుర్తు పెడితే ఎక్కడ తిరగాలో కాలికి తెలుస్తుంది. పాఠాన్ని ఫోనులో చదివి రికార్డు చేసి ఇస్తే రాత్రి ఇంట్లో విని నేర్చుకుంటుంది.

మాట తడబడే పిల్లలకు ఒక ఆసరా ఉంది. పదిమందితో కలిసి పలికినప్పుడు, పాడినప్పుడు చాలామందికి ఆ తడబాటు తగ్గుతుంది. అందుకే మొదట గుంపు మాటలు, పాటలు ఇచ్చి, ధైర్యం వచ్చాక ఒంటరి మాట ఇవ్వాలి. తొందరపెట్టడం, వాక్యాన్ని పక్కనుంచి అందించడం పనికిరాదు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లవాడికి, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లకు ఒకే మాట మళ్ళీ మళ్ళీ వచ్చే పాత్ర బాగా నప్పుతుంది. ఒకే పాత్రను ఇద్దరు పిల్లలు జంటగా వేసినా తప్పేం లేదు. రావణుడికి పది తలలు ఉండగా లేని అభ్యంతరం దీనికెందుకు? ఆటిజం ఉన్న బిడ్డకు తెలియని చోటు, అకస్మాత్తుగా పడే పెద్ద చప్పుడు హింస. ఒక రోజు ముందే తీసుకువెళ్ళి చోటు చూపించాలి. రేపు ఏమేం జరుగుతుందో బొమ్మలు గీసి గోడకు అంటించాలి. తట్టుకోలేనప్పుడు పోయి కూర్చోవడానికి నిశ్శబ్దంగా ఉండే గది ఒకటి కావాలి. మూర్ఛ వచ్చే పిల్లలు ఉంటే మిణుకుమిణుకుమనే లైట్లు వాడకపోవడం మంచిది, కొందరికి వాటివల్లే మూర్ఛ వస్తుంది.

మన తాలూకాకే చెందిన ఒక కష్టం చెప్పాలి. ఇక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. పళ్ళ మీద గోధుమరంగు గారలతో పెరిగిన పిల్లలు ఎందరో. అలాంటి అమ్మాయి నవ్వినప్పుడల్లా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది, గొంతు బయటికి రాదు. ఏ సర్టిఫికెట్టూ ఆమెను వికలాంగురాలు అనదు, కానీ రంగస్థలం మీద ఆ చెయ్యే ఆమెకు అడ్డుగోడ. ముఖోటా వేసుకుని ఆడే ఆటతో మొదలుపెట్టిస్తే కొన్నాళ్ళకు ముఖోటా లేకుండానే మాట్లాడుతుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలాటలో ఆడించేవాడు తెర వెనక ఉంటాడు. నలుగురి ముందుకు రావడానికి జంకే పిల్లలకు ఇంతకంటే మంచి మొదటి మెట్టు లేదు. కాగితపు అట్ట, వెదురు పుల్ల, పాత పంచె, ఒక బల్బు ఉంటే చాలు.

రేడియోలో మాట్లాడుతూ రేడియో మాట ఎత్తకపోతే ఎలా? రేడియో అన్నయ్యగా, రేడియో అక్కయ్యగా తెలుగు పిల్లలందరూ ఎరిగిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. ఆకాశవాణిలో పిల్లల చేత పాడించారు, ఆడించారు. రేడియో నాటకంలో ఎవరు నిలబడి మాట్లాడుతున్నారో, ఎవరు కూర్చుని మాట్లాడుతున్నారో వినేవాళ్ళకు తెలియదు. ఇప్పుడు దాదాపు ప్రతి ఇంట్లో రికార్డు చేసే ఫోను ఉంది. శిబిరంలో ఒక రోజు శ్రవ్య నాటకానికి కేటాయిస్తే, మంచం దిగలేని పిల్లవాడి ఇంటికే నలుగురు పిల్లలు పోయి అక్కడే రికార్డు చేసుకురావచ్చు. ఆ పిల్లవాడూ శిబిరంలో ఉన్నట్టే.

బయటి దేశాల్లో ఈ దారి చాలాదూరం వేశారు. బ్రిటన్‌లో గ్రేయై అనే నాటక సంస్థను 1980లో వైకల్యం ఉన్న కళాకారులను ముందుపెట్టి స్థాపించారు. న్యూయార్కులో 2011లో లయన్ కింగ్ నాటకాన్ని ఆటిజం ఉన్న పిల్లల కోసం చప్పుడు తగ్గించి, లైట్లు మార్చి, మధ్యలో లేచి తిరిగే వీలుతో ప్రదర్శించారు. మనకు అంత పెద్ద హాలు అక్కరలేదు. చప్పుడు తగ్గించడం మన చేతిలో పనే.

మన చట్టమూ మన వైపే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సాంస్కృతిక జీవితంలో, వినోదంలో మిగతావారితో సమానంగా పాల్గొనే హక్కును ప్రభుత్వాలూ స్థానిక సంస్థలూ కాపాడాలని చెప్పింది. కాబట్టి మా బిడ్డను చేర్చుకోండని బతిమాలుకోవలసిన పని లేదు. తల ఎత్తి అడగవచ్చు.

ఎలా అడగాలో కూడా చెబుతాను. "సార్, మా వాడు సరిగ్గా మాట్లాడడు. చేర్చుకుంటారా?" అని అడిగి చూడండి. "అయ్యో పాపం, పంపించండమ్మా, ఏదో ఒక మూల కూర్చోబెడతాం" అంటే వెనక్కి తిరగండి. "వానికి ఏం ఇష్టం? దేనికి భయపడతాడు? కోపం వస్తే మీరేం చేస్తారు?" అని ఆయనే మిమ్మల్ని తిరిగి అడిగితే కూర్చుని మాట్లాడండి. ఒక్కో పెద్దమనిషి చేతి కింద ఎంతమంది పిల్లలు ఉంటారో అడగండి. ఏ బిడ్డా ఒకే ఒక్క పెద్దతో మూసిన గదిలో ఉండకూడదన్న నియమం ఉందా, తల్లిదండ్రులు చెప్పకుండా ఎప్పుడైనా రావచ్చా, పిల్లల ఫోటోలు అడగకుండా ఫేస్‌బుక్కులో పెడతారా, ఇవన్నీ మొహమాటం లేకుండా అడగాల్సినవే. పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం గురించి గాని, పిల్లల సహాయవాణి 1098 నంబరు గురించి గాని తెలియనివాళ్ళ చేతికి పిల్లలను అప్పగించకూడదు. మన ఎండల్లో శిబిరం పొద్దున ఏడింటికి మొదలై పదకొండుకు ముగిస్తే, నడిపేవాళ్ళకు పిల్లల మీద ధ్యాస ఉన్నట్టు లెక్క.

వైకల్యం లేని పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. ఇలాంటి శిబిరంలో మా పిల్ల వెనకబడుతుందేమో అని కొందరికి గుబులు. నాటకం నేర్పే మొదటి విద్య ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగడం, ఎదుటివాడు తడబడితే ఆటను నిలబెట్టడం. మాట ఆలస్యంగా వచ్చే జతగాడితో ఆడిన పిల్లకు ఈ విద్య అబ్బినంత గట్టిగా, అందరూ గడగడా అప్పజెప్పే చోట అబ్బదు.

దగ్గరలో మంచి శిబిరమే లేకపోతే? సురభి వాళ్ళను తలుచుకోండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో తోలుబొమ్మలు ఆడించే కుటుంబాలవాళ్ళే కీచక వధ ఆడి ఆ నాటక సమాజాన్ని మొదలుపెట్టారు. ఇంటిల్లిపాదీ, పిల్లలతో సహా అందులో పనివాళ్ళే. వేషం వేయనివాళ్ళు తెర లాగుతారు, లైటు చూస్తారు, తబలా వాయిస్తారు. ఆ పద్ధతిలో ఇరవైమంది పిల్లలతో, పది రోజులు, బడి వరండాలో మనమే ఒక శిబిరం నడుపుకోవచ్చు. బడి వాడుకోవడానికి బడి కమిటీ అయిన ఎస్.డి.ఎం.సి. వాళ్ళనూ ప్రధానోపాధ్యాయులనూ అడగాలి. తాలూకా విద్యా వనరుల కేంద్రం బి.ఆర్.సి.లో వైకల్యం ఉన్న పిల్లల కోసం బి.ఐ.ఇ.ఆర్.టి. ఉపాధ్యాయులు ఉంటారు, పంచాయతీ స్థాయిలో వికలాంగుల కోసం పనిచేసే వి.ఆర్.డబ్ల్యూ. కార్యకర్తలు ఉంటారు. ఏ ఇంట్లో ఏ బిడ్డ బడికి రాకుండా ఉందో వాళ్ళకు తెలుసు. ఆ బిడ్డ ఇంటికి మొదట పోవాలి, మిగతా పేర్లు తర్వాత రాసుకోవచ్చు. గ్రామ పంచాయతీ గ్రంథాలయాలను ఇప్పుడు అరివు కేంద్రాలంటున్నారు, వేసవిలో పిల్లల శిబిరాలు వాటి ఆసరాతో జరిగిన ఊళ్ళు మన రాష్ట్రంలో ఉన్నాయి. ఏడాదికోసారి పిల్లల కోసం జరిగే మక్కళ గ్రామసభలో పిల్లలే లేచి మాకు నాటక శిబిరం కావాలని అడిగితే, ఆ కోరిక పంచాయతీ పుస్తకంలోకి ఎక్కుతుంది. నాటకం నేర్పడానికి కురుక్షేత్రం ఆడిన మన హార్మోనియం మేష్ట్రే చాలు. పద్యం ఆయన చెప్తాడు, వేషాలు ఎలా పంచాలో మనం చెప్దాం.

ఇదంతా ఏప్రిల్‌లో మొదలుపెడితే ఆలస్యమవుతుంది. మార్చిలోనే శిబిరాలవాళ్ళను కలవండి. మీ బిడ్డకు ఏం ఇష్టమో, ఏం తినకూడదో, ఏ మందు వేయాలో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. శిబిరం మొదలయ్యాక మామూలు రోజు ఒకటి చూసుకుని, చెప్పకుండా వెళ్ళి ఒక గంట కూర్చుంటామని ముందే చెప్పండి. సరేనంటే చేర్చండి. చూడనివ్వం అంటే ఆ ఫీజు డబ్బు జేబులో పెట్టుకుని, అదే డబ్బుతో మీ ఊరి బడి వరండాలో శిబిరం పెట్టే ఆలోచన చేయండి.